పట్టు వదిలించే తొడుగు

బాక్సింగ్ రింగులో రిఫరీకి ఎప్పుడూ ఒక పక్కే కనబడుతుంది. టీవీలో చూసేవాళ్ళకి నాలుగు వైపులా కెమెరాలుంటాయి. సోఫాలో కాళ్ళు బారజాపుకుని "ఈ రిఫరీకి కళ్ళు పోయాయా" అని హాయిగా అడిగేస్తారు. చాలా ఏళ్ళు ఆ తిట్లు తిన్నవాణ్ణి కనక చెబుతున్నాను. ఇద్దరు బలమైన మగాళ్ళు చెమటలు కారుతూ ఒకరినొకరు వాటేసుకుని గుంజుకుంటూంటే, అవతలి పక్క ఏ చెయ్యి ఏం చేస్తోందో చూడాలంటే మనిషి వాళ్ళ చుట్టూ పరుగెత్తాలి. నా పొట్టతో అది కుదిరే పని కాదు.

కాకినాడ బాక్సర్ దొమ్మేటి విక్టర్‌కి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఎడం చెయ్యి అవతలివాడి మెడ చుట్టూ వేసి, తన బరువంతా ఆ మెడ మీద మోపేవాడు. రిఫరీ ఎటున్నాడో ఓరకంట చూసుకుని ఇద్దర్నీ కలిపి ఒక చుట్టు తిప్పేవాడు. ఇక రిఫరీకి కనబడేది విక్టర్ వీపు. ఆ వీపు అవతల కుడిచెయ్యి తీరుబాటుగా తన పని చేసుకునేది. నడుం వెనక రెండు, చెవి వెనక ఒకటి. విడదీసేటప్పుడు తల పైకెత్తుతూ అవతలివాడి కనుబొమ్మకి తగిలించేవాడు. ఆ వెంటనే "సారీ బ్రదర్" అని రెండు చేతులూ జోడించేవాడు. జనం అయ్యో అనేవాళ్ళు.

ఆ విక్టర్‌తో మా అల్లుడు గరికిన ఎల్లాజీ మొదటిసారి ఆడినప్పుడు నేను రింగులో లేను. అల్లుడి ఆటకి మామ రిఫరీగా ఉండకూడదని కోస్తా లీగ్ నియమం. మా అమ్మాయి హైమ పక్కన మూడో వరసలో కూర్చున్నాను. అక్కడి నుంచి అన్నీ కనబడ్డాయి. విక్టర్ కొట్టింది తక్కువ, పట్టుకుంది ఎక్కువ. ఎల్లాజీ ముందుకి రాగానే వాటేసుకోవడం, వేలాడటం, వెనక నుంచి పొడవడం. పాదం తొక్కి నిలబెట్టి మరీ కొట్టాడు. రిఫరీ పాపం నాలాగే లావాటి మనిషి. విడదీయడానికి వెళ్ళేసరికి జరగాల్సింది జరిగిపోయేది.

ఎల్లాజీ ఓడిపోయాడు. ఇంటికొచ్చే దారిలో కారు ఆపమని రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు అందుకోబోయి, గ్లాసు పక్కన గాలిని పట్టుకున్నాడు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. హైమ ఏడవలేదు. ఏడుపొచ్చే వేళకి పనిలో పడిపోవడం దానికి వాళ్ళమ్మ పోలిక.

"ఆటలో దెబ్బ తగిలితే నేనేమీ అనను నాన్నా. అది తెలిసే అతన్ని పెళ్ళి చేసుకున్నాను," అంది నాతో. "ఇది ఆట కాదు. సందులో పట్టుకుని కొట్టడం."

హైమ పని చేసేది మేముండే విశాఖపట్నంలోనే, పక్షవాతం రోగుల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి గుప్పిట బిగుసుకుపోయి ఇక తెరుచుకోదు. గోళ్ళు అరచేతిలో దిగబడి పుళ్ళు పడతాయి. అలాంటివాళ్ళ కోసం హైమ ఒక తొడుగు తయారుచేసింది. చూడటానికి మేజోడులా పల్చగా ఉంటుంది. మణికట్టు నుంచి భుజం కింద దాకా తొడుక్కోవాలి. కండరాల్లో పుట్టే చిన్న చిన్న విద్యుత్తుని చదివి, చేతిని మూసే కండరం బిగుసుకుంటోందని కనిపెట్టగానే, తెరిచే కండరానికి సన్నని కరెంటు పంపిస్తుంది. గుప్పిట విచ్చుకుంటుంది. అంతే సంగతి. ఆ తొడుగుతో ఒక ముసలావిడ ఏడాది తర్వాత తన చేత్తో తాను అన్నం కలుపుకుందని హైమ ఇంట్లో పండగ చేసింది.

ఎల్లాజీ ఓడిన నెల తిరక్కుండానే నన్ను ప్రయోగశాలకి రమ్మంది. నా రెండు చేతులకీ తొడుగులు వేసి, "నన్ను గట్టిగా కావలించుకో నాన్నా," అంది.

"ఎందుకే?"

"ఊరికే. అడిగినప్పుడైనా కావలించుకోవచ్చు కదా!"

కావలించుకున్నాను. ఇంకా చేతులు బిగించనేలేదు, మోచేతుల దగ్గర చీమలు పాకినట్టయింది. నా రెండు చేతులూ వాటంతటవే విడిపోయి పక్కలకి తెరుచుకున్నాయి. నొప్పి లేదు. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ విడిపోయాయి. అది పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కన్నకూతుర్ని దగ్గరికి తీసుకుంటే నా చేతులే నా మాట వినకపోవడం నాకేం నచ్చలేదు. ఆ మాటే చెప్పాను.

"నీకు నచ్చక్కర్లేదు. విక్టర్‌కి నచ్చకపోతే చాలు," అంది.

ఐతే ఒక చిక్కుంది. ఇద్దరు వాటేసుకున్నప్పుడు ఎవరు పట్టుకున్నారో, ఎవరు పట్టుబడ్డారో తొడుగుకి తెలియాలి. లేకపోతే విడిపించుకుంటున్నవాడి చేతులూ తెరిచేస్తుంది. అది నేర్పడానికి హైమ ఎల్లాజీ సాధన చేసే జిమ్‌కే వెళ్ళింది. ఫిషింగ్ హార్బర్ వెనక, ఐసు ఫ్యాక్టరీ పక్కన పెంటయ్య మాస్టారి రేకుల షెడ్డు అది. జాలరిపేట కుర్రాళ్ళు చాలామంది అక్కడే బాక్సింగ్ నేర్చుకున్నారు.

ఆ జిమ్‌లో ఒక కట్టుబాటుంది. సాధనలో అవతలివాణ్ణి పట్టుకున్నవాడు ఆదివారంనాడు అందరి చేతిపట్టీలూ ఉతకాలి. చేతిపట్టీలంటే గ్లవ్స్ లోపల చుట్టుకునే గుడ్డలు. వారమంతా చెమటలో నానిన ఆ గుడ్డల బుట్ట దగ్గరికి ఒక్కసారి వెళ్ళినవాడు జన్మలో ఇంకెవర్నీ కావలించుకోడు, పెళ్ళాన్ని కూడా ఆలోచించి కావలించుకుంటాడు. ఎల్లాజీ పన్నెండేళ్ళలో ఒక్క పట్టీ ఉతకలేదు. బెల్టులు లేని రోజుల్లో అతనికున్న బిరుదు అదే.

"ఈ జిమ్ముల పట్టుకునీవోడు ఒక్కడూ నేడు రిపరీ బాబూ," అన్నాడు పెంటయ్య మాస్టారు నాతో గర్వంగా. "దెబ్బ గట్టిగా తగిల్తే మోకాలేసి కూకుంటాడు. రిపరీ సేత నెక్క పెట్టించుకుంటాడు. మళ్ళా నెగుస్తాడు. పట్టుకోడం మగోడి పని కాదు."

హైమ కోసం మాత్రం ఆ కట్టుబాటుని కొన్నాళ్ళు పక్కన పెట్టారు. కుర్రాళ్ళంతా తొడుగులు వేసుకుని విక్టర్‌లా నటించారు. "నాను విక్టర్ని, సారీ బ్రదర్," అంటూ మెడలకి వేలాడారు, తిప్పారు, తొక్కారు, పడి దొర్లారు. ఆ షెడ్డులో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఆ చేతుల విద్యుత్తంతా హైమ కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఎండాకాలం వెళ్ళేలోగా తొడుగుకి దొంగపట్టు తెలిసిపోయింది. ఎవరు ముందు పట్టుకున్నారో తేల్చడంలో నాకంటే ఎన్నో రెట్లు మెరుగని నేనే ఒప్పుకున్నాను.

లీగ్ అధ్యక్షుడు కొప్పర్తి భాస్కర్ ఒక్క ప్రదర్శన చూసి ఎగిరి గంతేశాడు. కౌగిలింతలు చూడటానికి ఎవరూ టికెట్టు కొనుక్కోరని అతనికి ఎప్పట్నుంచో బెంగ. ఆ సీజన్ నుంచే ప్రతి బాక్సరూ రెండు చేతులకీ తొడుగు వేసుకోవాలన్నాడు. రింగు పక్కన ఒక బల్ల, దాని మీద ఇద్దరి చేతుల విద్యుత్తునీ గీతలుగా చూపించే రెండు తెరలు, ఒక ఎర్ర మీట. కరెంటుతో పని చేసే వస్తువు కనక ప్రమాదమేదైనా వస్తే మీట నొక్కి రెండు జతల తొడుగులూ ఆపెయ్యాలి. ఆ బల్ల దగ్గర హైమ కూర్చునేది. భర్త ఆడుతుంటే భార్య కూర్చోవచ్చా అని ఎవరో అడిగారు. "యంత్రానికి బంధుత్వాలుండవు," అన్నాడు భాస్కర్. మీట మాత్రం పక్షపాతంతో నొక్కితే, ఎవరి పక్షాన నొక్కారో వాళ్ళు ఓడినట్టేనని ఒక నియమం రాశాడు.

ఆట మారిపోయింది. పట్టుకోబోతే చేతులు తెరుచుకుంటున్నాయి, ఇక కొట్టుకోవడమే గతి. జనం విరగబడి వచ్చారు. రిఫరీలకి పదిదాకా లెక్కపెట్టడం తప్ప పని లేకుండా పోయింది. నేను రిటైరయ్యాను. విక్టర్ వరసగా ఓడిపోయాడు. ఎల్లాజీ వరసగా గెలిచి, లీగ్ బెల్టు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు.

ఆదివారాలు మా ఇంట్లో వంట ఎల్లాజీదే. నెత్తళ్ళ ఇగురు అతనిలా వండేవాళ్ళు లేరు. ఆ ఏడాది శ్రావణం వెళ్ళాక ఒక ఆదివారం ఇగురు ఉప్పు కషాయంలా ఉంది. రెండోసారి ఉప్పు వేస్తుంటే నేను కళ్ళారా చూశాను.

"ఉప్పు ఇందాకే వేశావు కదా," అన్నాను.

"నేదు మావయ్యా. ఇప్పుడే కదా ఎయ్యడం."

నేను మజ్జిగ పోసుకుని తినేశాను. హైమ మాత్రం గరిట పట్టుకుని అతని మొహంకేసి చాలాసేపు చూసింది.

విక్టర్‌తో రెండో ఆట దసరాల్లో పడింది. స్టేడియం కిటకిటలాడింది. ఎల్లాజీ మొదటి నుంచీ పైచెయ్యిగానే ఉన్నాడు. ఐదో రౌండులో అతని కుడిచేతి దెబ్బ విక్టర్ దవడకి తగిలింది. విక్టర్ మోకాళ్ళు సడలాయి. అందరూ అనుకున్నట్టే ముందుకి వాలి ఎల్లాజీ నడుం పట్టుకోబోయాడు. తొడుగు పని చేసింది. రెండు చేతులూ తలుపు రెక్కల్లా తెరుచుకున్నాయి. ఎల్లాజీ కొట్టాడు. విక్టర్ మళ్ళీ పట్టుకోబోయాడు, మళ్ళీ తెరుచుకున్నాయి. జనం చప్పట్లు కొట్టి నవ్వారు. పాత దొంగ పాత వేషం వేస్తున్నాడని వాళ్ళ సంబరం. రిఫరీ కూడా అలాగే అనుకున్నాడు కాబోలు, ఆపలేదు. మూడోసారి తెరుచుకున్న చేతుల మధ్య నుంచి తగిలిన దెబ్బకి విక్టర్ పడిపోయాడు. పడేటప్పుడు చేతులు ముందుకి పెట్టలేదు. మొహం నేలకి కొట్టుకున్న చప్పుడు నాకు వినబడింది.

పుర్రె తెరిచి రక్తం గడ్డ తీశారు. బతికాడు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది.

దీపావళి వెళ్ళాక హైమ, నేను కాకినాడ వెళ్ళాం. విక్టర్ భార్య సుగుణ తలుపు తీసింది. మేమెవరమో చెప్పాక కూడా లోపలికి రమ్మంది. అది చాలా మర్యాదస్తుల లక్షణం.

"ఆయ్, లోపలున్నారండి. చెయ్యి బిగుసుకుపోయిందండి. గోళ్ళు తీద్దామన్నా విప్పనివ్వరండి," అంది.

హైమ సంచీలోంచి తొడుగు తీసింది. లీగ్‌ది కాదు, ముందు చేసిన పక్షవాతం తొడుగు. అది కనబడగానే మంచం మీద కూర్చున్న విక్టర్ వెనక్కి జరిగాడు. గోడ తగిలేదాకా జరిగాడు.

"అదే కదండీ ఇది? ఆరోజు తొడిగింది ఇదే కదండీ?" అంది సుగుణ.

"దీంట్లోంచే అది పుట్టిందమ్మా," అంది హైమ.

"అయితే వద్దండి. తీసుకెళ్ళిపోండి."

హైమ తల వంచుకుని తొడుగు మడతపెట్టింది. సుగుణ భర్త గుప్పిటకేసి చూసింది, మళ్ళీ తొడుగుకేసి చూసింది. "చెయ్యి తెరుచుకుంటుందాండీ నిజంగా?" అని అడిగింది. తెరుచుకుంటుందన్నాం. భర్త పక్కన కూర్చుని, వీపు నిమురుతూ, తనే నెమ్మదిగా తొడిగింది. గుప్పిట విచ్చుకుంది. అరచేతిలో నాలుగు గోళ్ళ గాట్లు పచ్చిగా ఉన్నాయి. సుగుణ కొంగు తడిపి వాటిని తుడుస్తుంటే మేం చూస్తూ కూర్చున్నాం.

తిరుగు ప్రయాణంలో మా రైలు తుని దాటింది. హైమ టాబ్లెట్ తీసి తొడుగులు చదివిన రెండు గీతలు నాకు చూపించింది. రెండూ సన్నగా, దగ్గర దగ్గరగా వణుకుతున్నాయి.

"పైది నా దగ్గరికొచ్చే ఒక పక్షవాతం రోగి గుప్పిట. కిందది ఆరోజు విక్టర్ చేతులు. ఒకేలా ఉన్నాయి కదా?"

"ఉన్నాయి."

"మెదడు ఒక్క క్షణం ఆరిపోతే చెయ్యి దొరికినదాన్ని పట్టుకుంటుంది నాన్నా. పసిపిల్లలు పట్టుకున్నట్టు. అతను ఎల్లాజీని మోసం చెయ్యడానికి పట్టుకోలేదు. పడిపోకుండా పట్టుకున్నాడు. నా తొడుగుకి ఈ పట్టు తెలీదు."

"ఎందుకు తెలీదు? అన్ని వందల పట్లు నేర్పావు కదా."

"ఎవరి దగ్గర నేర్పాను? పెంటయ్య మాస్టారి జిమ్‌లో. అక్కడ దెబ్బ తిన్నవాడు పట్టుకోడు, మోకాలి మీద కూర్చుంటాడు. పట్టుకున్నవాళ్ళంతా ఇడ్లీలు తినొచ్చి నవ్వుకుంటూ పట్టుకున్నారు. తల తిరిగినవాడి చెయ్యి ఒక్కటంటే ఒక్కటి నా లెక్కలోకి రాలేదు. ప్రపంచంలో ఇంకే జిమ్‌కి వెళ్ళినా వచ్చేది."

నేను కిటికీలోంచి చూస్తూ నా రిఫరీ రోజులు తలుచుకున్నాను. దొంగపట్టైనా, ప్రాణభయంతో పట్టుకున్నా నేను ఒకేలా విడదీసేవాణ్ణి. కాకపోతే ఈ పొట్ట వేసుకుని వాళ్ళ దగ్గరికి చేరేసరికి కాస్త ఆలస్యమయ్యేది. ఆ కాస్తలోనే కొందరికి తెలివొచ్చేదేమో. నేను సన్నగా ఉండి ఉంటే ఎంతమంది పడిపోయేవాళ్ళో!

ఇంటికొచ్చాక హైమ పాత ఆటల గీతలన్నీ తిరగేసింది. వణుకు గీతలు ఇంకా దొరికాయి. వాటిలో సగం ఎల్లాజీవి.

ఆ మాట చెప్పినప్పుడు ఎల్లాజీ పాత గుడ్డతో బూట్లు తుడుచుకుంటున్నాడు. చెయ్యి ఆపలేదు.

"నాను పట్టుకోడవేటి?" అన్నాడు.

"పట్టుకోబోయావు. ఈ ఏడాది ప్రతి ఆటలోనూ. తొడుగు తెరిచేసింది కాబట్టి నీకు తెలియలేదు."

"నీ మిసన్ అబద్దవాడతంది."

"పోయినసారి నెల్లూరు ఆటలో ఆరో రౌండు చెప్పు. ఏం జరిగింది?"

ఎల్లాజీ నోరు తెరిచాడు. కాసేపు వెతుక్కున్నాడు. ఆ రౌండు అతనికి గుర్తులేదు. గుర్తులేదని మాత్రం అనలేదు.

"గెలిసేను కదా. ఇంకేటి జరగాల?" అని కోపంగా నాకేసి తిరిగాడు. "ఏటి మావయ్యా, నువ్వైనా సెప్పు. నానెప్పుడైనా ఒకల్ని పట్టుకున్నానా?"

"లేదు నాయనా. కానీ ఉప్పు రెండుసార్లు వేశావు," అన్నాను.

అతను బూట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

బెల్టు నిలబెట్టుకునే ఆట సంక్రాంతికి ముందు ఉంది. ఖాదర్ బాషా అని నెల్లూరు కుర్రాడు, మంచి ఆటగాడు, వేలెత్తి చూపడానికి లేదు. హైమ భాస్కర్ దగ్గరికెళ్ళి తొడుగులు ఆపమంది. సీజన్‌కి అదే ఆఖరి ఆట కదా, అయ్యాక చూద్దామన్నాడు అతను. "మీరు కూర్చోనంటే ఇంకొకర్ని కూర్చోబెడతాం మేడమ్," అని కూడా అన్నాడు. హైమ పెంటయ్య మాస్టారి దగ్గరికెళ్ళి, ఎల్లాజీ కళ్ళు తేలేస్తే తువ్వాలు విసిరి ఆట ఆపించమంది. ఆ షెడ్డు పుట్టినప్పటి నుంచీ తువ్వాలు విసిరిన పాపాన పోలేదని ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎల్లాజీని ఆడొద్దని బతిమాలింది. ఆ ఇంట్లో అరుపులు వీధి చివరిదాకా వినబడ్డాయి.

ఆట రోజు హైమ ఎప్పట్లాగే గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకుంది.

"నువ్వే వద్దన్నావు, మళ్ళీ నువ్వే వెళ్తున్నావేంటి?" అన్నాను.

"మీట నా చేతికి అందాలి నాన్నా. ఇంకెవరూ నొక్కరు."

"నొక్కితే అతను ఓడినట్టే. తెలుసు కదా?"

"తెలుసు. నా ఉద్యోగం కూడా పోతుంది. ఆయన నన్ను క్షమించడు." చెప్పులు వేసుకుంటూ మామూలుగానే చెప్పింది.

నేను దాని వెనక కుర్చీలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఎల్లాజీ ఆ రోజు ఆడినంత చక్కగా ఎప్పుడూ ఆడలేదు. మొదటి ఆరు రౌండ్లూ అతనివే. హైమ భుజాలు కాస్త కిందికి దిగాయి. అనవసరంగా భయపడ్డామేమోనని నాకూ అనిపించింది.

ఏడో రౌండులో ఖాదర్ ఎడంచేతి దెబ్బ ఎల్లాజీ చెవి కింద తగిలింది. పెద్ద దెబ్బలా కనబడలేదు. జనం పట్టించుకోనేలేదు. ఎల్లాజీ నిలబడే ఉన్నాడు, గ్లవ్స్ పైకే ఉన్నాయి. కానీ తెర మీద అతని గీత వణకడం మొదలుపెట్టింది. ఒక అడుగు ముందుకేసి ఖాదర్ భుజాల చుట్టూ చేతులు వెయ్యబోయాడు. తొడుగు పని చేసింది. చేతులు తెరుచుకున్నాయి. ఆ ఖాళీలోంచి ఖాదర్ రెండు కొట్టాడు. తప్పు అతనిది కాదు, అది ఆట.

హైమ వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. అప్పటికి ఎల్లాజీ పాయింట్లలో ఎంతో ముందున్నాడు. ఎనిమిది రౌండ్ల ఆటలో ఇంకొక్క రౌండు నిలబడితే బెల్టు మళ్ళీ అతనిదే. మోకాలి మీద కూర్చున్నా చాలు, లెక్కపెట్టేలోగా తేరుకుంటాడు. "కూర్చో, కూర్చో," అని దాని పెదవులు కదులుతున్నాయి. అతను కూర్చోలేదు. కూర్చోవాలని తట్టడానికి కూడా తెలివి ఉండాలి కదా. మళ్ళీ చేతులు చాచాడు. మళ్ళీ తెరుచుకున్నాయి. మూడో దెబ్బ తగిలింది. తల వెనక్కి వాలి ముందుకొచ్చింది. జనంలో ఎవరో నవ్వారు.

హైమ మీట నొక్కింది.

తెరలు రెండూ నల్లబడ్డాయి. ఎల్లాజీ చేతులు ఖాదర్ చుట్టూ మూసుకున్నాయి. అతని భుజంలో మొహం దాచుకుని, నడుం గట్టిగా పట్టుకుని, వేలాడాడు. ఖాదర్ గింజుకున్నాడు. రిఫరీ కొత్తవాడు. పట్టు విడదీయడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు, ఇంతకాలం అవసరమే రాలేదు. మోచేతులు లాగాడు, భుజం లాగాడు, ఎల్లాజీ వదల్లేదు. ఒక్కసారిగా స్టేడియమంతా కూతలు పెట్టింది. నీళ్ళ సీసాలు వచ్చి పడ్డాయి. "విక్టర్! విక్టర్!" అని వెక్కిరించారు. గంట మోగేదాకా అతను పట్టుకునే ఉన్నాడు. మోగాక కూడా పట్టుకునే ఉంటే ఖాదరే అతన్ని నడిపించుకెళ్ళి మూలన స్టూలు మీద కూర్చోబెట్టాడు.

భాస్కర్ పరిగెత్తుకొచ్చి హైమ మీద విరుచుకుపడ్డాడు. అది కార్డు తీసి బల్ల మీద పెట్టి రింగు మూలకి వెళ్ళింది. పెంటయ్య మాస్టారు దాని మొహం చూడలేదు. ఖాదర్ బాషా గెలిచాడని మైకులో చెప్పేసరికి మేం అంబులెన్సులో ఉన్నాం.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరు స్కాన్ చూపించాడు. ఏమీ లేదు. రక్తం గడ్డ లేదు, వాపు లేదు. కొన్నాళ్ళు ఆటకి దూరంగా ఉండమని చెప్పి వెళ్ళిపోయాడు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని మంచినీళ్ళు తేవడానికి లేచాను. నేను గుమ్మం దాటకుండానే ఎల్లాజీ మొదలుపెట్టాడు.

"ఇన్నావా? ఏటీ నేదంట."

"విన్నాను," అంది హైమ.

"మరెందుకు నొక్కినావు? నా నడుం మీది బెల్టు నీ సేత్తో నువ్వే ఇప్పీసినావు కదే! జనం నన్ను సూసి కూతలు పెట్టినారు. నన్ను! పెంటయ్య మాస్టారి ముందర నానింక తలెత్తుతానా? ఒక్క రౌండు... ఒక్క రౌండుంది. నాను గెలిసీవోణ్ణి."

"గెలిచేవాడివేమో."

"ఏమోనా? మరి నానేటైపోతానని నొక్కినావు? నీకేటి తెలుసు?"

"తెలీదు," అంది. "ఏమవుతుందో తెలీకుండానే నొక్కాను. మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోబెడితే మళ్ళీ నొక్కుతాను."

అతను ఇంకా ఏవేవో అన్నాడు. పెళ్ళి నాటి నుంచీ ఉన్నవన్నీ బయటికి తీశాడు. దాని చదువునీ, దాని మిషన్లనీ, నన్నూ, నా పొట్టనీ కూడా వదల్లేదు. హైమ గొంతు అప్పుడు మాత్రం వణికింది.

"తిట్టు. కడుపు నిండా తిట్టు. తిట్టడానికి నువ్వున్నావు, నాకది చాలు."

నేను నడవాలో బల్ల మీద కూర్చుండిపోయాను. లోపల అతను ఆపలేదు. ఎక్కడైనా మాట తడబడుతోందా, నాలుక మడతపడుతోందా, చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడా అని చెవులు రిక్కించి విన్నాను. ప్రతి మాటా స్పష్టంగా ఉంది. కూతుర్ని అన్నేసి మాటలంటూంటే ఏ తండ్రికైనా కోపం రావాలి. నాకు మాత్రం అతను ఇంకాసేపు తిడితే బాగుణ్ణనిపించింది.